ఎరుపు, నలుపు, తెలుపు: బట్టల షాపులో ఏ రంగు ఎంత?

ఒంగోలు కొత్తషాపు:
ఒంగోల్లో చీరలు, బ్లౌజుల షాపు పెడుతున్నాం. లోపల 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. ముందంతా షట్టరే. గోడలు, బోర్డు, క్యారీ బ్యాగులు, కౌంటర్లో ఉండే అమ్మాయిల చీరలు, అన్నిటికీ ఎరుపు, నలుపు, తెలుపే వాడాలని ఖాయం చేసుకున్నాం. ఎడమ గోడ నలుపు, కుడి గోడ తెలుపు, ఎదురు గోడ ఎరుపు అని పెయింటరుకి చెప్పాం. కౌంటరుకి చీమకుర్తి గెలాక్సీ అనే నల్ల గ్రానైటు. ఇంట్లో పెద్దవాళ్ళేమో "పెళ్ళి బట్టల కొట్టుకి నలుపేంది?" అంటున్నారు. ఎక్కడ ఎంత వాడాలి, ఏది చెడుతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

గోడపని:
గోడకో రంగు వద్దన్నా. మూడూ సరిసమానంగా ఉంటే దేని జోరూ తెలీదు. మీ మూడు గోడలూ కలిపి 520 చదరపు అడుగులు. అందులో ఎరుపు 50 దాటనివ్వకండి. కౌంటరు వెనకాల 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తున ఒక్క పట్టీ చాలు. నలుపు ర్యాకుల ఫ్రేములకీ కౌంటరుకీ. మిగతాదంతా తెలుపు.

బట్టల షాపులో ఎరుపుకి ఇంకో చిక్కుంది. ఎర్రగోడ మీద పడిన వెలుతురు ఎర్రగా తిరిగొచ్చి పక్కనున్న బట్ట మీద పడుతుంది. అద్దం దగ్గరో ట్రయల్ రూములోనో ఎరుపుంటే మీగడ రంగు చీర గులాబీగా, ఆకుపచ్చ మురికిగా కనిపిస్తాయి. ఇంటికెళ్ళి చూసుకుని వెనక్కి తెస్తారు. అద్దం చుట్టుపక్కల తెలుపే ఉండాలి. ర్యాకు లోపలి పలకలకీ తెలుపే. నలుపేస్తే ముదురు నీలం, వంగపండు రంగు చీరలు అందులో కలిసిపోతాయి.

ఎర్ర పెయింటు కలిపే బేసులో తెల్ల పిగ్మెంటు దాదాపు ఉండదు, అందుకే కింది గోడని కప్పదు. తెల్ల ప్రైమరు మీద నేరుగా కొడితే కోటు మీద కోటు వేసినా రోలరు చారలు పోవు. ప్రైమరు మీద మధ్యస్థంగా ఉండే బూడిద రంగు ఒక కోటు వేసి, ఆరాక ఎరుపు రెండు మూడు కోట్లు వేయించండి. ఎర్ర పెయింటు మొత్తం ఒకేసారి కలిపించి ఒకే బకెట్లో పోసుకోండి. మళ్ళీ తెప్పిస్తే షేడు తేడా పడుతుంది.

లైట్లు 4000 కెల్విన్ (మరీ పసుపూ మరీ నీలమూ కాని తెల్ల వెలుగు), సీఆర్ఐ, అంటే రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, 90 పైన ఉన్నవే తీసుకోండి. చౌకరకం 80 వాటిల్లో ఎరుపుని చూపించే ఆర్9 విలువ సున్నా దగ్గర ఉండొచ్చు. ఆ వెలుగులో మంచి ఎరుపు కూడా ఇటుక రంగుకి దిగిపోతుంది. డబ్బుకి వెనకాడితే గోడల దగ్గర వెనకాడండి, లైట్ల దగ్గర కాదు.

గెలాక్సీ మంచి ఎంపిక. అది ఒట్టి నలుపు కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల రాగి, బంగారు చుక్కలు మెరుస్తాయి. పెద్దవాళ్ళకి చూపించండి, సగం గొడవ తగ్గుతుంది. ఆ చుక్కలకి నీలిచాయ తెలుపు పొసగదు, గోడకి మీగడచాయ తెలుపు తీసుకోండి. పలక కొనేముందు తెల్లగుడ్డకి నెయిల్ పాలిష్ రిమూవరు తడిపి రుద్దండి. గుడ్డకి నలుపంటితే అది రంగు పూసిన రాయి. బోరు నీళ్ళతో తుడిస్తే పొడిగుడ్డతో వెంటనే ఆరబెట్టాలి, లేకపోతే తెల్ల మరకలు కడతాయి. ఆ మరకలకి యాసిడ్ మాత్రం వాడొద్దు.

కుట్టుపని:
అమ్మాయిలకి మీగడ తెలుపు కాటన్ చీర, రెండంగుళాల ఎర్ర అంచు, నల్ల టూ బై టూ బ్లౌజు. ఇక్కడా తెలుపే ఎక్కువ. ప్రమాదమంతా అంచు ఎరుపుతోనే. ఒకేసారి పది చీరలు కొనకండి, ముందు ఒకటి తెచ్చి అంచుని తడిపి, పైన తెల్ల కాటన్ గుడ్డ పెట్టి ఇస్త్రీ చేయండి. గుడ్డ ఎర్రబడితే ఆ చీర వద్దు. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని అందరూ అంటారు గానీ, ఆ నమ్మకంతో కొనేంత పని ఉప్పు చేయదు. ఫాల్ అంచు రంగుదే వేస్తారు కాబట్టి కుట్టకముందే నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. లేకపోతే కుట్టాక ముడుచుకుని కుచ్చిళ్ళు లాగేస్తుంది, పైగా దాని రంగు తెల్లచీరకి దిగుతుంది. నల్ల బ్లౌజులు తిరగేసి ఉతికి నీడనే ఆరేయమనండి, ఎండకి గోధుమరంగుకి తిరుగుతాయి.

ఒంగోలు కొత్తషాపు:
ర్యాకు ఫ్రేములకి మెరవని మ్యాట్ నలుపా, మెరిసే గ్లాసీ నలుపా? బోర్డు నలుపు మీద ఎర్ర అక్షరాలతో అనుకున్నాం, కుదురుతుందా?

బోర్డుపని:
కుదరదు. స్క్రీను మీద లెక్క కడితే నలుపు మీద తెలుపు కాంట్రాస్టు, అంటే రెండు రంగుల వెలుగు తేడా, 21; నలుపు మీద స్వచ్ఛమైన ఎరుపుది 5 చిల్లర. అచ్చులో ఎరుపు ఇంకా ముదురుతుంది. ఎరుపు సరిగా ఆనని చూపున్న మగవాళ్ళకైతే ఆ అక్షరాలు నలుపులోనే కలిసిపోతాయి. పేరు తెలుపులో రాసి, కింద ఎర్రగీత ఒకటి ఇవ్వండి. ఫ్లెక్సు వద్దు, ఎండకి ఎరుపు ముందు వెలిసి నలుపు మిగులుతుంది. ఏసీపీ షీటు (ప్లాస్టిక్‌కి రెండు వైపులా అల్యూమినియం అతికిన పలక) మీద యాక్రిలిక్ అక్షరాలు పెట్టించండి.

క్యారీ బ్యాగులకి నల్ల నేల మీద తెల్ల తెలుగు అక్షరాలంటే జాగ్రత్త. నాలుగు ఇంకులు కలిపిన నలుపులో ఒక్క ఇంకు అచ్చు ప్లేటు వెంట్రుకవాసి జరిగినా సన్నటి వత్తులు, గుడులు పూడుకుపోతాయి. చిరునామా లాంటి చిన్న అక్షరాలున్న చోట ఒట్టి నల్ల ఇంకే వాడమనండి, అక్షరాలు లావువి తీసుకోండి.

గోడపని:
ఫ్రేములకి రెండూ వద్దు, ఆ రెండిటికీ మధ్యస్థంగా మెరిసే శాటిన్ పెయింటు వేయించండి. మ్యాట్ మీద చేతి జిడ్డు మచ్చలుగా నిలుస్తుంది, గ్లాసీ మీద ప్రతి లైటూ చుక్కలా కనిపిస్తుంది.