బర్మింగ్‌హామ్‌కి కొత్త: కాలువలకూ సముద్రానికీ పనికొచ్చే తెరచాప పడవ ఏది?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద ఈ మధ్యే బర్మింగ్‌హామ్ వచ్చాం. ఇక్కడి కాలువల్లో తిరగడానికీ, సెలవుల్లో తీరం వెంట తెరచాప ఎత్తడానికీ ఒకే పడవ కొనాలని ఉంది. పాతకాలపు గాఫ్ తెరచాపలంటే (పై అంచుకు వాలుగా కర్ర కట్టి ఉండేవి) ఇష్టం. కార్నిష్ ష్రింపర్ 19 తీసుకోవచ్చా?

వూస్టర్ నుంచి: తమ్ముడూ, ష్రింపర్ మంచి పడవే, కానీ మీ కాలువల్లో పట్టదు. దాని వెడల్పు 2.18 మీటర్లు. మీ చుట్టుపక్కల లాకులు చాలావరకు ఏడడుగులవి, అంటే 2.13. డ్రాస్కోంబ్ కోస్టర్ చూడండి. వెడల్పు 2 మీటర్లు, చిన్న కేబిన్ ఉంటుంది, మాస్ట్ (తెరచాప స్తంభం) పొట్టిది. గాలి ముదిరితే పెద్ద తెరచాప దించేసి ముందుదీ వెనకదీ ఉంచండి, అప్పుడూ చెప్పిన మాట వింటుంది. కాలువలో మాత్రం చెట్లు, వంతెనల మధ్య గాలి అందదు, వెనక తగిలించే ఔట్‌బోర్డ్ మోటారే దిక్కు.

బ్రిస్టల్ నుంచి: పడవ తర్వాత, ముందు దాన్ని కట్టే చోటు చూసుకోండి. మేం కొన్న పడవకు మెరీనాలో (పడవలు కట్టే రేవులో) ఏడాది అద్దె అప్పటికే కట్టి ఉంది. డబ్బిచ్చే ముందు ఆ ఆఫీసుకు ఫోన్ చేస్తే "ఏం ఇబ్బంది లేదు, వచ్చి సంతకం పెట్టండి" అన్నారు. తీరా వెళ్తే కౌంటర్లో మరొకరు. ఒప్పందం పాత యజమానితోనేగానీ పడవతో కాదట, నెలాఖరులోగా ఖాళీ చేయాలట. ఫోన్లో మాట ఇచ్చింది ఎవరో చెప్పమంటే పేరు అడిగారా అని మమ్మల్నే నిలదీశారు! క్రేన్‌కి, లారీకి మళ్లీ డబ్బు. వర్షంలో మా ఆవిడ తాళ్లు పట్టుకుని నిలబడితే, ఆఫీసు వాళ్లు కిటికీలోంచి చూశారు. ఏ మాటైనా ఈమెయిల్లో రాయించుకోండి.

రెడ్డిచ్ నుంచి: ఇక్కడి కాలువలు చూసుకునే సంస్థ కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్. దాని లైసెన్సుకు ఇన్సూరెన్స్ కావాలి. కేబిన్, ఇంజిన్, స్టవ్ ఉన్న పడవకు బోట్ సేఫ్టీ సర్టిఫికెట్ కూడా, నాలుగేళ్లకోసారి. సొంతంగా సరదాకి నడపడానికి పరీక్షేమీ లేదు. కాలువ మీదే వూస్టర్ దాకా దిగి సెవర్న్ నదిలో కలవండి, ఆ దారి అందమే వేరు.

వూస్టర్ నుంచి: అన్నా, కొత్తవాళ్లకి ఆ దారి చెప్తారా? ఒక్క టార్డెబిగ్గీ దగ్గరే వరసగా 30 లాకులు. పిల్లలతో అవన్నీ చేత్తో ఎవరు తెరిచి మూస్తారు? ట్రైలర్ మీద వేసుకుని తీరానికి పోవడమే మేలు.

రెడ్డిచ్ నుంచి: మా అమ్మాయి చిన్నప్పుడే గేటు దూలానికి వీపు ఆనించి నెట్టేది. ధవళేశ్వరం దగ్గర లాకులు చూసి పెరిగిన మనకి ఇది భయమా?

ఫ్రైస్లాండ్ నుంచి: నెదర్లాండ్స్ వచ్చేయండి. డెల్ఫ్‌జైల్ నుంచి ఫ్లిస్సింగెన్ దాకా మాస్ట్ దించకుండా వెళ్లే దారి ఉంది, వంతెనలే పైకి లేస్తాయి. 15 మీటర్ల లోపు, గంటకు 20 కిలోమీటర్లు దాటని పడవకు లైసెన్సూ అక్కర్లేదు.

నారిచ్ నుంచి: ఆయన ఉండేది బర్మింగ్‌హామ్ అండీ! మా దగ్గరి బ్రాడ్స్‌కి రండి, నదులూ సరస్సులూ కలిసిన చోటు. లాకులు లేని నీళ్లు 200 కిలోమీటర్లు, చాలాచోట్ల తెరచాప మీదే తిరగొచ్చు. పాటర్ హైగమ్ దగ్గర పాత రాతి వంతెన కింద మాత్రం మాస్ట్ దించాల్సిందే. ఒక్కరే దించి ఎత్తగలిగే పడవైతేనే కొనండి, అమ్మేవాళ్ల ముందే చేసి చూడండి. ఎత్తే ముందు పైన కరెంటు తీగలున్నాయేమో చూసుకోండి.

వూస్టర్ నుంచి: చూడ్డానికి వెళ్లేటప్పుడు టేపు పట్టుకెళ్లండి. పక్కన ఒరిపిడి తగలకుండా వేసే రుద్దుపట్టీతో కలిపి వెడల్పు కొలవండి, ప్రకటనలో రాసిన అంకె నమ్మొద్దు.