అమెరికాలో పార్టీయే కులమైపోయిందా?

ప్లేనో శీను:
చాలా రోజులుగా మనసులో నలుగుతున్న మాట, ఇక్కడ పడేస్తున్నా, తిట్టేవాళ్ళు తిట్టండి. మా వీధిలో పక్కపక్కనే రెండు ఇళ్ళు. ఒకదాని ముందు ట్రంప్ జెండా, 2020లో కట్టింది ఇంతవరకూ దించలేదు, ఎండకి వెలిసిపోతే కొత్తది కడతాడు. రెండోదాని ముందు 'ఈ ఇంట్లో మేం నమ్మేవి ఇవీ' అని మొదలయ్యే బోర్డు, డెమొక్రాట్ల ఇళ్ళ ముందు కనిపించేది, ఇక్కడుండే వాళ్ళందరూ చూసే ఉంటారు. ఇద్దరూ తెల్లవాళ్ళే, ఇద్దరూ బాప్టిస్టులే. మేం 2015లో ఇల్లు కొన్నప్పుడు ఆదివారం పొద్దున ఒకే చర్చికి వెళ్ళొచ్చి సాయంత్రం ఒకే గ్రిల్ దగ్గర నిలబడేవాళ్ళు. ఇప్పుడు చెత్తడబ్బా రోడ్డు మీదికి లాగేటప్పుడు కూడా ఒకాయన లోపలికి పోయేదాకా రెండో ఆయన గరాజ్ తలుపు ఎత్తడు.

మాది పల్నాడు. మా ఊళ్ళో ఈ పార్టీవాళ్ళ టీ కొట్టు వేరు, ఆ పార్టీవాళ్ళ టీ కొట్టు వేరు, పెళ్ళి భోజనానికి ఎవరొచ్చారో ఎవరు రాలేదో గుర్తుపెట్టుకుని మరీ కక్ష తీర్చుకుంటారు. విమానం ఎక్కి ఆ గోల తప్పించుకున్నా అనుకున్నా. పెళ్ళంటే గుర్తొచ్చింది, 1960లో ఇక్కడ ఒక సర్వేలో మీ పిల్లలు అవతలి పార్టీవాళ్ళని చేసుకుంటే బాధపడతారా అని అడిగితే అవునన్నవాళ్ళు రెండు పార్టీల్లోనూ 5 శాతం దాటలేదు. 2010లో అలాంటి ప్రశ్నే అడిగితే రిపబ్లికన్లలో దాదాపు సగం మంది, డెమొక్రాట్లలో మూడో వంతు మంది అవునన్నారు. పిల్లనిచ్చేటప్పుడు అడ్డొచ్చేదాన్ని మనం ఏమంటాం? ఇక్కడి గొడవ మతానిదీ కాదు, జాతిదీ కాదు, పార్టీయే కులమైపోయింది. కాదంటారా?

నల్గొండ నుంచి మిషిగన్:
కాదంటా శీనన్నా. కులమంటే ఏందో మర్చిపోయినట్టున్నావు. పుట్టుకతో వచ్చి చచ్చినా పోనిది కులం. పార్టీని ఇక్కడి జనం చొక్కా మార్చినట్టు మారుస్తున్నారు. మీ టెక్సాస్‌లోనే మెక్సికో సరిహద్దులో స్టార్ కౌంటీ ఉంది, దాదాపు అందరూ హిస్పానిక్కులే, ప్రెసిడెంట్ ఎన్నికల్లో 1892 తర్వాత ఒక్కసారి కూడా రిపబ్లికన్‌ని గెలిపించలేదు, 2024లో ట్రంప్‌ని గెలిపించారు. మా దగ్గర డియర్‌బోర్న్‌లో అరబ్బులు ఎక్కువ. 2020లో బైడెన్‌కి గంపగుత్తగా వేసిన ఊరు, గాజా యుద్ధం మీద కోపంతో 2024లో ఓట్లు చీలిపోయి ట్రంప్ మొదటి స్థానంలోకి వచ్చాడు.

డెట్రాయిట్ నడుమ హామ్‌ట్రామిక్ అని ఒక చిన్న ఊరుంది, అది ఇంకా తమాషా. ఒకప్పుడు పోలండ్ నుంచి వచ్చిన కాథలిక్కుల ఊరు. 2022 నాటికి సిటీ కౌన్సిల్ మొత్తం ముస్లింలే అయ్యారు, లిబరల్స్ మురిసిపోయారు. 2023లో అదే కౌన్సిల్ సిటీ స్థలాల్లో స్వలింగ సంపర్కుల ప్రైడ్ జెండా ఎగరేయకూడదని తీర్మానం చేసింది. మురిసినోళ్ళ ముఖాలు చూడాల్సింది. ఈ ఊరిని నువ్వు ఏ కులం కింద రాస్తావో చెప్పు.

ఎడిసన్ అక్క:
మీ ఇద్దరూ మ్యాపులు ముందేసుకుని మాట్లాడుతున్నారు. జాతిది కాదు అని శీను ఎంత తేలిగ్గా అనేశాడో! ఒకే బైబిల్, ఒకే యేసు, కానీ తెల్ల ఎవాంజెలికల్స్‌లో (మతప్రచారానికి పెద్దపీట వేసే ప్రొటెస్టెంట్లు) పది మందికి ఎనిమిది మంది రిపబ్లికన్‌కి వేస్తారు, నల్లవాళ్ళ చర్చిలకి వెళ్ళేవాళ్ళలో దాదాపు అంతమందీ డెమొక్రాట్లకి వేస్తారు. మరి ఆ తేడా ఎక్కడినుంచి వచ్చింది? 2017లో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో సాయంత్రం బార్‌లో కూర్చున్న మన తెలుగు ఇంజినీరుని కాల్చి చంపినవాడు నా దేశం నుంచి పొమ్మని అరిచాడు గానీ నీది ఏ పార్టీ అని అడగలేదు. (ఆపబోయి తూటా తిన్న మనిషీ తెల్లవాడే, ఆ మాటా చెప్పాలి.)

మతం లేదంటావా? షుగర్‌ల్యాండ్ అష్టలక్ష్మి గుడిలో 2024 ఆగస్టులో 90 అడుగుల హనుమంతుడిని ప్రతిష్ఠించారు కదా, మరుసటి ఏడాది సెనేట్‌కి పోటీ చేస్తానన్న ఒక రిపబ్లికన్, మనది క్రైస్తవ దేశం, ఈ అబద్ధపు దేవుడి అబద్ధపు విగ్రహం ఎందుకని పోస్టు పెట్టాడు. ఇక బడులు. టెక్సాస్‌లో 2025లో చేసిన చట్టం ప్రకారం ప్రతి క్లాసులో బైబిల్లోని పది ఆజ్ఞల పోస్టరు పెట్టాలి. కేసులు పడి కొన్ని డిస్ట్రిక్టుల్లో ఆపారు, కొన్నిచోట్ల పెట్టేశారు. కెంటకీలో ఇలాంటి చట్టాన్నే 1980లో సుప్రీంకోర్టు కొట్టేసింది, అయినా మళ్ళీ మొదటికి. మా చెల్లెలి కొడుకు టెక్సాస్‌లోనే ఉంటాడు, మూడో తరగతి. మొదటి ఆజ్ఞ చదివొచ్చి, ఒక్క దేవుడే ఉండాలట కదమ్మా, మరి మన ఇంట్లో ఇంతమంది ఉన్నారేంటి అని అడిగాడట. నవ్వాలో ఏడవాలో తెలియలేదంది.

మేరీల్యాండ్ రవి:
అక్కా, అవతలివాళ్ళ భయం కూడా ఒకసారి చూడండి. ప్యూ సంస్థ సర్వేల్లో 2007లో క్రైస్తవులమని చెప్పుకున్నవాళ్ళు 78 శాతం, 2023-24కి వచ్చేసరికి 62. ఏ మతమూ లేదనేవాళ్ళు 16 నుంచి 29కి పెరిగారు. హిందువులం ఒక శాతం, అటూ ఇటూ. కాబట్టి వాళ్ళ చర్చిలు ఖాళీ అవుతున్నది మనవల్ల కాదు, సొంత పిల్లలు ఆదివారం లేవకపోవడం వల్ల. కోపం మాత్రం విగ్రహం మీదికి మళ్ళింది.

ఇంకోటి, మతం ఎప్పుడూ మనల్ని డెమొక్రాట్ల వైపే నెట్టదు. మా మాంట్‌గొమరీ కౌంటీలో చిన్నపిల్లల క్లాసుల్లో స్వలింగ జంటల కథల పుస్తకాలు పెట్టి, వద్దనుకున్న తల్లిదండ్రులు పిల్లల్ని బయటికి తీసుకెళ్ళే వీలు తీసేస్తే కోర్టుకి వెళ్ళింది ఎవరనుకున్నారు? ముస్లిం కుటుంబం, కాథలిక్కులు, ఉక్రెయిన్ ఆర్థడాక్స్ వాళ్ళు, అందరూ కలిసి. 2025 జూన్‌లో సుప్రీంకోర్టు 6-3తో వాళ్ళ వైపే తీర్పిచ్చింది. మన తెలుగు వాట్సాప్ గ్రూపులో ఆ రోజు సంబరపడినవాళ్ళలో సగం మంది డెమొక్రాట్లకే వేసినవాళ్ళు, నాకు తెలుసు. నేను ఆ తీర్పుతో ఏకీభవించను, అది వేరే సంగతి.

డెట్రాయిట్ పెద్దాయన:
శీను గారూ, మీరనే కులం పాతది కాదు, నా కళ్ళముందు కట్టింది. నేను 1979లో వచ్చాను, కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఫలానా మనిషి చర్చికి పోతాడు, ఇంట్లో తుపాకీ ఉంది, యూనియన్‌లో ఉన్నాడు అని చెప్పినా ఏ పార్టీయో అప్పట్లో చెప్పగలిగేవాళ్ళం కాదు. ఆనాటి ప్రెసిడెంట్ కార్టర్ డెమొక్రాట్, సండే స్కూల్లో పాఠాలు చెప్పే సదరన్ బాప్టిస్టు. ఆ సదరన్ బాప్టిస్టుల మహాసభే 1971లో కొన్ని పరిస్థితుల్లో అబార్షన్‌కి చట్టం వీలివ్వాలని తీర్మానం చేసిందంటే ఇవాళ వాళ్ళ పిల్లలే నమ్మరు. 1980లో పెద్ద పెద్ద పాస్టర్లు రిపబ్లికన్ రీగన్ వెనక నడిచాక ఒక్కొక్కటే వచ్చి చేరాయి, అబార్షన్, తుపాకీ, బడిలో ప్రార్థన, చివరికి మొన్న మొన్న వ్యాక్సిన్, మాస్కు కూడా. ఇప్పుడు ఒక్క ప్రశ్నకి జవాబు చెబితే మిగతా పదీ నేనే చెప్పేస్తాను. రిపబ్లికన్లకి ఎరుపు, డెమొక్రాట్లకి నీలం అనే ఆ రంగులు కూడా 2000 ఎన్నికల తర్వాతే స్థిరపడ్డాయి, 1980లో ఒక చానల్ మ్యాపులో రీగన్ గెలిచిన రాష్ట్రాలకి నీలం వేశారు.

మతం గొడవకి మాత్రం వయసు ఎక్కువ. 1844లో ఫిలడెల్ఫియాలో బడిలో ఏ బైబిల్ చదవాలని కాథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ రేగిన గొడవ కొట్లాటగా మారి చర్చిలు తగలబడ్డాయి, మనుషులు పోయారు. 1960లో ప్రెసిడెంట్ పదవికి పోటీ చేస్తున్న కాథలిక్ కెనెడీ హ్యూస్టన్ దాకా వెళ్ళి, నేను పోప్ చెప్పినట్టు నడుచుకోనని పాస్టర్లకి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఇవాళ సుప్రీంకోర్టులో తొమ్మిది మందికి ఆరుగురు కాథలిక్కులు, ఎవరికీ పట్టింపు లేదు. గోడ అలాగే ఉంది, వాళ్ళు లోపలికి వచ్చేశారు. మనం ఇంకా బయట నిలబడి ఏ గేటు దగ్గరా అని చూస్తున్నాం.

మా ఇంట్లో అబ్బాయి ఒక పార్టీ, కోడలు ఇంకో పార్టీ. థాంక్స్‌గివింగ్ రోజు మా ఆవిడ టీవీ రిమోట్ బియ్యం డబ్బాలో దాచేస్తుంది.

భీమవరం బాబాయి:
బియ్యం డబ్బా ఐడియా బాగుంది పెద్దాయన గారూ, మా ఇంట్లో కూడా అమలు చేస్తాను, ఇక్కడ కారణాలు వేరు. మా అమ్మాయి కొలంబస్‌లో ఉంటుంది, హెచ్‌1బీ. దూరం నుంచి చూసే నాకు ఒకటే అనుమానం. ఉషా వాన్స్ భర్త, వైస్ ప్రెసిడెంట్‌గా పోటీ చేసిన రిపబ్లికన్ జేడీ వాన్స్, గెలవాలని మా జిల్లా వడ్లూరులో పూజలు చేశారు, మన ఆడపిల్ల అన్నాం. ఆయన 2025 అక్టోబర్‌లో మిస్సిసిపిలో కాలేజీ పిల్లల ముందు, నన్ను చర్చివైపు తిప్పినదే ఏదో ఒకరోజు నా భార్యనీ కదిలిస్తుందని ఆశ ఉందన్నాడు. తర్వాత ఆమెకి మతం మారే ఉద్దేశం లేదని ఆయనే చెప్పాడనుకోండి. భార్యాభర్తల సంగతి వాళ్ళ ఇష్టం, కానీ అంతమంది ముందు అనాలా? అదే ఏడాది సెప్టెంబర్‌లో కొత్త హెచ్‌1బీ దరఖాస్తుకి లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. మా అమ్మాయికి అది తగలదంటుంది, అయినా నాకు టెన్షనే. అసలు మనవాళ్ళు ఎటు ఉంటే మంచిదో ఎవరైనా సూటిగా చెబుతారా?

నల్గొండ నుంచి మిషిగన్:
బాబాయి గారూ, మనవాళ్ళు అనే మాటే తప్పు. తానా, ఆటా, నాటా, నాట్స్, ఒక్క భాషకి ఇన్ని సంఘాలు పెట్టుకున్నవాళ్ళం ఒకవైపు ఎట్లుంటాం? 2023లో కాలిఫోర్నియాలో కులవివక్ష నిషేధం బిల్లు వచ్చినప్పుడు చూడాల్సింది, ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళు కావాలని కొందరు, హిందువులని బద్నాం చేస్తున్నారని కొందరు. గవర్నర్ న్యూసమ్ వీటో చేశాడు, ఆయన డెమొక్రాట్. దాన్ని తెచ్చిన సెనేటరూ డెమొక్రాటే. శీనన్న లెక్క ప్రకారం ఇద్దరూ ఒకే కులం మరి.

ఎడిసన్ అక్క:
ఈ ఒక్క పాయింటు నీకిచ్చేస్తున్నా తమ్ముడూ. కానీ సంఘాల పేర్లు ఎత్తావు, ఇక ఈ థ్రెడ్ బతకదు.

ప్లేనో శీను:
సరే, పుట్టుకతో రాదన్నది ఒప్పుకుంటున్నా, కులమనే మాట కొంచెం ఎక్కువ వాడాను. పెద్దాయన గారు చెప్పినది నాకు నచ్చింది, ఒక్కటి తెలిస్తే మిగతా పదీ తెలిసిపోవడం. అక్క అన్న జాతి సంగతి మీద నాకింకా పూర్తిగా కుదరలేదు, మా వీధిలో ఇద్దరూ తెల్లవాళ్ళే అని మళ్ళీ అంటాను.

మొన్న దీపావళికి ఏమైందో చెబుతా, మీరే తేల్చండి. మా ఆవిడ సున్నుండలు చేసి రెండిళ్ళకీ రెండు డబ్బాలు పట్టుకెళ్ళింది. జెండా ఇంటావిడ తలుపు తీసి, ఎంతో ప్రేమగా కౌగిలించుకుని, పండగ గురించి అడిగి, డబ్బా చేతిలోకి తీసుకున్నాక గొంతు తగ్గించి అడిగిందట, పక్కింటికీ ఇచ్చారా అని. ఇచ్చామంది మా ఆవిడ. తర్వాత బోర్డు ఇంటికి వెళితే ఆయనా అదే అడిగాడట.

భీమవరం బాబాయి:
ముందు ఎవరికిచ్చారని అడగలేదా? మా ఊళ్ళో అయితే అదీ అడుగుతారు.