ప్రైమరీ పిల్లలకు అమెజాన్ ఆదివాసీ ఊరితో వీడియో పాఠం: టైము, భాష, సౌండు, ముందస్తు పాఠాలు ఎలా?

చిత్రావతి టీచర్ (అనంతపురం జిల్లా) అడిగారు:

అందరికీ నమస్కారం. మాది మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. 3, 4, 5 తరగతులు కలిపి 46 మంది పిల్లలు. ఈక్వడార్‌లో పూయో పట్నం దగ్గర ఉన్న ఒక కిచ్వా ఆదివాసీ ఊరితో మా పిల్లలను వీడియోలో కలుపుతామని ఒక స్వచ్ఛంద సంస్థ ముందుకొచ్చింది. ఆ ఊరి పెద్దలు కూడా సరే అన్నారట. వర్షారణ్యం గురించి అక్కడ బతికేవాళ్లే చెబితే పిల్లలకు బాగా నాటుకుంటుందని నా ఆశ.

మా దగ్గర స్మార్ట్ టీవీ, ఒక ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్ ఉన్నాయి. బడి వేళల్లో ఇది కుదురుతుందా? మాకు స్పానిష్ రాదు, వాళ్లకు తెలుగు రాదు, మరి మాట ఎలా నడపాలి? మా గదిలో ఎకో ఎక్కువ. అన్నిటికన్నా పెద్ద సందేహం, పిల్లలు వాళ్లను వింతగా చూడకుండా ముందు ఏమేం నేర్పాలి? వాళ్లకు డబ్బు ఇవ్వాలా, ఇస్తే ఎలా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

తుంగభద్ర తీరం (కర్నూలు):

మేడం, బడి వేళల్లో కుదరదు. ఈక్వడార్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. మీ బడిలో ఉదయం 9 గంటల బెల్లు కొట్టేసరికి అక్కడ ముందురోజు రాత్రి 10:30. ఒంటిపూట బడులప్పుడు 7:45కే కలిపినా అక్కడ రాత్రి 9:15, చిన్నపిల్లలు పడుకునే వేళ. మిగిలింది సాయంత్రం. ఇక్కడ 5 అయితే అక్కడ ఉదయం 6:30. పూయో భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాది పొడవునా ఆరు గంటలకు కాస్త అటూ ఇటూగా తెల్లవారుతుంది, వెలుతురుకు ఢోకా లేదు. అక్కడి పిల్లలు బడికి బయల్దేరక ముందు కూర్చోవాలి కాబట్టి ఎన్నింటికి వదలాలో ముందే అడగండి. మీ వైపు పిల్లలను సాయంత్రం ఆపాలంటే తల్లిదండ్రుల కమిటీకి చెప్పాలి, హెడ్మాస్టరు ద్వారా ఎంఈఓ గారికి ఒక కాగితం పెట్టాలి.

నెల కూడా చూసుకోండి. ఈక్వడార్‌లో అమెజాన్ వైపు బడులు సెప్టెంబరులో తెరిచి జూన్, జూలై దాకా నడుస్తాయి. మన దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు తీసేస్తే నవంబరు, ఫిబ్రవరి అనువైన నెలలు.

ఈ టైము తేడానే మొదటి పాఠంగా చెప్పండి. అనంతపురం 77.6 డిగ్రీల తూర్పున, పూయో 78 డిగ్రీల పడమరన ఉన్నాయి. రెండూ కలిపితే 155.6 డిగ్రీలు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి భాగిస్తే 10.4 గంటలు వస్తుంది. గడియారం తేడా పదిన్నర. ఐదో తరగతి పిల్లలు ఈ లెక్క చేసేస్తారు. మూడో తరగతికి బంతి, టార్చి చాలు. బంతి మీద రెండు బొట్టుబిళ్లలు అంటించి చీకటి గదిలో తిప్పండి. టార్చిని మాత్రం స్టూలు మీద పెట్టేసి ముట్టుకోకూడదు. చేత్తో పట్టుకుంటే టార్చే కదులుతుంది, పిల్లలు సూర్యుడే తిరుగుతున్నాడనుకుంటారు. బంతిని పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిప్పాలి.

ఇక భాష. మీ పిల్లవాడు తెలుగులో అడుగుతాడు, మీరు ఇంగ్లీషులో చెబుతారు, సంస్థవాళ్లు స్పానిష్‌లో అడుగుతారు, జవాబు అదే దారిలో వెనక్కి వస్తుంది. ఒక్క ప్రశ్నకు నాలుగైదు నిమిషాలు పడుతుంది. 40 నిమిషాల కాల్‌లో పలకరింపులు, వీడ్కోలు పోగా ఆరేడు ప్రశ్నలకు మించి పట్టవు. 46 మందికీ ఆ కాల్‌లోనే అవకాశం ఇవ్వాలని చూస్తే ఎవరికీ ఏమీ మిగలదు. అందుకే అసలు సంభాషణంతా వాయిస్ నోట్లలో జరగాలి. నిమిషం వాయిస్ నోట్ చాలా చిన్న ఫైలు, నెట్ బాగాలేని చోటికీ చేరుతుంది. వాళ్లు తీరికున్నప్పుడు వింటారు, మీరు జవాబును ముందే తెలుగు చేసుకుని తరగతిలో వినిపిస్తారు. మూడు వారాలు ఇలా నడిపి చివర్లో ఒక్క లైవ్ కాల్ పెట్టండి. అప్పటికి పిల్లలకు అక్కడి గొంతులు, పేర్లు తెలిసి ఉంటాయి.

బుగ్గవంక (కడప):

సౌండు సంగతి నేను చెబుతా. బొమ్మ మసకగా ఉన్నా పిల్లలు సర్దుకుంటారు గానీ మాట తెగిందంటే గదంతా గోల అవుతుంది. ఉన్న డబ్బు, శ్రద్ధ రెండూ సౌండు మీదే పెట్టండి.

ఎకో రెండు రకాలు. ఒకటి గది వల్ల వచ్చేది: ఖాళీ గోడలు, బండల నేల, పైన స్లాబు. పిల్లల వెనక గోడకు రెండు మందపాటి జంపఖానాలు వేలాడదీసి, కింద పట్టలు పరిచి కూర్చోబెడితే చాలావరకు తగ్గుతుంది. రెండోదే అసలు తలనొప్పి. టీవీలోంచి వచ్చే వాళ్ల గొంతును మన ల్యాప్‌టాప్ మైకు పట్టి మళ్లీ వాళ్లకే పంపుతుంది. అది మనకు వినపడదు, వాళ్లకే వినపడుతుంది. మనం అంతా బాగుందనుకుంటాం, అవతల వాళ్లు మాట్లాడలేక ఆగిపోతుంటారు. వాళ్లు మాట్లాడేటప్పుడు మన మైకు మ్యూట్‌లో ఉండాలి. ఆ ఒక్క పనికి ఐదో తరగతి పిల్లల్లో ఒకరిని ల్యాప్‌టాప్ దగ్గర కూర్చోబెట్టండి. అదే గదిలో ఇంకో ఫోన్ నుంచి కాల్‌లో చేరొద్దు, రెండు మైకులు కలిస్తే కూత వస్తుంది.

46 మంది మాటను ల్యాప్‌టాప్ మైకు అందుకోలేదు. మామూలు కాలర్ మైకు ఒకటి తీసుకుని, అడిగే పిల్లవాడి చేతికివ్వండి. కొనేటప్పుడు పిన్ను చూడండి. ఫోన్ల కోసం చేసిన పిన్నుకు మూడు నల్ల గీతలుంటాయి. మీ ల్యాప్‌టాప్‌లో మైకుకు, హెడ్‌ఫోన్‌కు విడివిడి రంధ్రాలుంటే అది నేరుగా పనిచేయదు, మైకుకు, హెడ్‌ఫోన్‌కు కలిపి ఒకే రంధ్రం ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కావాలి. మైకు పెట్టాక సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ మార్చారో లేదో చూసుకోండి. చాలాసార్లు మైకు చేతిలో ఉంటుంది, మాట మాత్రం ల్యాప్‌టాప్ లోపలి మైకులోంచే పోతుంటుంది.

టీవీలోని యాప్ జోలికి పోకండి, ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ వైరుతో కలపండి. నెట్ పరీక్ష చేసేటప్పుడు డౌన్‌లోడ్ ఒక్కటే కాదు, అప్‌లోడ్ కూడా చూడండి. ఒకరితో ఒకరు మాట్లాడే కాల్‌కు సెకనుకు 600 కిలోబిట్లు రెండు వైపులా నిలకడగా వస్తే సరిపోతుంది. పరీక్ష సాయంత్రం 5 గంటలకే చేయాలి. మధ్యాహ్నం బాగా వచ్చిన సిగ్నలు, ఊళ్లో అందరూ ఇళ్లకు చేరాక అలాగే ఉంటుందనుకోవద్దు.

అవతలివైపు నెట్ పాతరకం ఉపగ్రహం మీద ఉంటే మాట 36,000 కిలోమీటర్లు పైకి వెళ్లి దిగాలి. అడిగిన మాట పోయి జవాబు రావడానికి అర సెకను పైనే ఆలస్యం అవుతుంది. పిల్లలు జవాబు రాలేదని మళ్లీ అరుస్తారు, రెండు మాటలూ ఢీకొంటాయి. అడిగాక మనసులో మూడు లెక్కపెట్టడం ముందే అలవాటు చేయించండి.

సాయంత్రం ఎండ పడమటి కిటికీలోంచి కొడుతుంది. కెమెరా ఆ కిటికీ వైపు చూస్తే పిల్లల ముఖాలు నల్లగా పడతాయి. కిటికీ కెమెరా వెనక ఉండేలా బల్ల తిప్పండి. ఫ్యాన్లు ఆపేయండి. జూమ్ ఉచిత ఖాతా అయితే 40 నిమిషాలకు దానంతటదే తెగిపోతుంది, 35వ నిమిషానికి వీడ్కోలు మొదలుపెట్టాలి.

నల్లమల బాట (కర్నూలు):

టైము, మైకు సర్దుకుంటాయి. నాకు ముఖ్యంగా తోచేది మేడం అడిగిన నాలుగో ప్రశ్న.

ఆదివాసులు అనే మాట మీ పిల్లలకు ఈక్వడార్‌తో మొదలు కాకూడదు. నల్లమలలో శ్రీశైలం, ఆత్మకూరు వైపు చెంచు గూడేలున్నాయి. తేనె, అటవీ ఫలసాయం మీద బతుకు, ఇప్పుడు పులుల అభయారణ్యం నిబంధనల మధ్య అక్కడ ఉండటం, ఇవన్నీ మన పక్కనే ఉన్న సంగతులు. ముందు ఒక పీరియడ్ వాళ్ల గురించి చెప్పండి. నల్లమల వర్షారణ్యం కాదని, వేసవిలో ఆకు రాల్చే అడవి అని, పూయో చుట్టూ అడవి ఏడాదంతా పచ్చగానే ఉంటుందని పక్కపక్కన పెట్టి చూపండి.

తర్వాత కిచ్వాల సంగతి. ఈకల కిరీటం బొమ్మతో మొదలుపెట్టొద్దు. పూయో ఉన్న పస్తాసా రాష్ట్రంలోనే సరయాకు అనే కిచ్వా ఊరుంది. తమను అడక్కుండా చమురు కంపెనీని తమ అడవిలోకి రానిచ్చారని ఆ ఊరు ఈక్వడార్ ప్రభుత్వం మీదే పోరాడి, 2012లో అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టులో గెలిచింది. 2019లో వావొరానీలు అనే ఇంకో ఆదివాసీ తెగవాళ్లు కూడా పస్తాసా కోర్టులో చమురు తవ్వకాల మీద గెలిచారు. ఐదో తరగతి పిల్లలకు ఇది బాగా అర్థమవుతుంది. ఫోన్లు వాడే, కోర్టుకు వెళ్లే, తమ నేల కోసం నిలబడే మనుషులతో మాట్లాడబోతున్నామని తెలిస్తే ప్రశ్నలే మారిపోతాయి.

ప్రశ్నలు పిల్లలతోనే చీటీల మీద రాయించి, అందరి ముందూ వేరు చేయండి. మ్యాపులోనో పుస్తకంలోనో దొరికేవి ఒక పక్క. అడిగితే వాళ్లను చిన్నబుచ్చేవి ఇంకో పక్క: మీకు బట్టలుంటాయా, పచ్చిమాంసం తింటారా లాంటివి. ఆ చీటీ రాసిన పిల్లవాణ్ని తిట్టకండి, అదే మాట ఎవరైనా మనల్ని అడిగితే ఎలా ఉంటుందో చర్చించండి. అక్కడివాళ్లు మాత్రమే చెప్పగలిగేవి మూడో పక్క. ఏరు పొంగితే బడికి ఎలా పోతారు? ఏ చప్పుడు వింటే వాన వస్తుందని తెలుస్తుంది? చేను ఎక్కడ వేసుకోవాలో ఎవరు చెబుతారు? కాల్‌లోకి వెళ్లాల్సినవి ఇవే. పులుల గురించి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అమెజాన్‌లో పులులు లేవు, ఉండేది జాగ్వార్ అని ముందే చెప్పేస్తే ఐదు నిమిషాలు మిగులుతాయి.

ఏ సంగతులు అడగకూడదో వాళ్లనే అడిగి తెలుసుకోండి. మందు మొక్కలు, పూజలు బయటివాళ్లకు చెప్పకూడదని ఊరు నిర్ణయించుకుని ఉండొచ్చు. రికార్డింగ్ వాళ్లు ఒప్పుకుంటేనే చేయాలి, చేసినా తరగతి దాటి పోకూడదు. మన పిల్లల విషయంలోనూ అంతే. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. సంతకాలు ముందే తీసుకోండి, వాట్సాప్ స్టేటస్‌లో ఫొటోలు పెట్టొద్దని అందరికీ చెప్పండి.

డబ్బు తప్పకుండా ఇవ్వాలి. వాళ్లు పాఠం చెబుతున్నారు, దుబాసీ పని చేస్తున్నాడు, నెట్ ఉన్న చోటికి పడవలో రావాల్సి వస్తే ఇంధనం ఖర్చు ఉంటుంది. ఎంతో వాళ్లనే చెప్పమనండి. మీ సొంత ఖాతా నుంచి పంపితే బ్యాంకులో ఫారం ఏ2 నింపాలి, పాన్ కావాలి. ప్రతిసారీ విదేశీ బదిలీ ఛార్జీ పడుతుంది కాబట్టి విడతలు లేకుండా ఒకేసారి పంపండి. మధ్యలో ఉన్న సంస్థ ఇచ్చేట్టయితే ఊరికి ఎంత చేరిందో రాతలో అడగండి.

పెన్నా ఇసుక (అనంతపురం):

మేడం, మీ జిల్లానే మీకు మంచి పాఠం. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. పూయోలో 4,000 దాటుతుంది. 100 మిల్లీమీటర్లకు ఒక సెంటీమీటరు లెక్కన కాగితం పట్టీలు కత్తిరించమనండి. ఒకటి ఐదున్నర సెంటీమీటర్లు, ఇంకోటి 40 పైన. రెండూ గోడ మీద పక్కపక్కన అంటించండి.

తేడాకు కారణం కొండల్లో ఉంది. అట్లాంటిక్ నుంచి తేమతో వచ్చే గాలి అడవి మీదుగా సాగి, ఆండీస్ కొండలకు తగిలి పైకెక్కి చల్లబడుతుంది. పూయో సరిగ్గా గాలి తగిలే వైపు, కొండల పాదాల దగ్గర ఉంది. మనం పడమటి కనుమల వెనకవైపు ఉన్నాం. నైరుతి గాలి తేమంతా అవతలే దించేసి మన దగ్గరికి పొడిగా వస్తుంది. చెట్లు నీటిని గాలిలోకి వదులుతాయని చూపడానికి ఉదయం కానుగ కొమ్మకు, ఆకులతో సహా, పారదర్శకమైన పాలిథిన్ కవరు తొడిగి దారంతో బిగించండి. మధ్యాహ్నానికి లోపల చుక్కలు కడతాయి. కట్టే ముందు ఆకుల మీది మంచు తుడవాలి, లేకపోతే ఆ నీళ్లే అనుకుంటారు. ముడి వదులైతే ఏమీ కనపడదు. కవరు మూల కిందికి వంచి ఉంచితే నీళ్లు అక్కడ చేరతాయి.

అడగడమే కాకుండా చెప్పడానికి కూడా మన పిల్లల దగ్గర సరుకుండాలి. వేరుశనగ పుట్టింది దక్షిణ అమెరికాలో. కాయలతో పీకిన చెట్టొకటి కెమెరాకు దగ్గరగా పట్టుకుని, ఊడ నేలలోకి దిగి కాయ కాసే తీరు మన పిల్లలు చూపించాలి. మీ దగ్గర ఇది ఎలా పండిస్తారని అడగాలి. అక్కడి ముఖ్యమైన తిండి కర్రపెండలం, మన సగ్గుబియ్యం దాంతోనే చేస్తారు. గుప్పెడు సగ్గుబియ్యం దగ్గర పెట్టుకోండి.

చిత్రావతి టీచర్:

అందరికీ కృతజ్ఞతలు. నవంబరులో సాయంత్రం 5కే అనుకుంటాను, వాయిస్ నోట్లు ముందు మొదలుపెడతాం. ఒక్క సందేహం: ఆ రోజు అక్కడ పెద్ద వాన పడి వాళ్లు కాల్‌లోకి రాలేకపోతే?

తుంగభద్ర తీరం (కర్నూలు):

రెండో తేదీ ఇప్పుడే ఖాయం చేసుకోండి, వారం తేడాతో. ఊరు సోలారు మీద నడిచేదైతే రెండు రోజులు మబ్బు పడితే బ్యాటరీలు నిండవు, ఇది తరచూ జరిగేదే. కాల్‌కు వారం ముందు వాళ్ల దగ్గరి నుంచి మూడు నిమిషాల వీడియో ఒకటి తెప్పించి ల్యాప్‌టాప్‌లో దించుకుని ఉంచండి. 5:15 దాకా కలవకపోతే అది చూపించి, మూడో పక్క చీటీల్లోంచి ఐదు ప్రశ్నలు పిల్లల గొంతుతో అక్కడికక్కడే వాయిస్ నోట్లుగా పంపించేయండి. సాయంత్రం ఆరుకల్లా పిల్లలను ఇళ్లకు పంపాలి, దానికి మించి ఆపొద్దు.