గాలం రీలు మీద గీతలు: రంగు పూసి కప్పాలా, అలాగే వదిలేయాలా?

రుషికొండ రాళ్లు:
విశాఖలో రుషికొండ, భీమిలి వైపు రాళ్ల మీద నిలబడి గాలం వేసేవారికి ఈ బెడద కొత్తది కాదు. చేపను విడిపించేటప్పుడో, లూరు (చేపను ఆకర్షించే కృత్రిమ ఎర) మార్చేటప్పుడో రాడ్డును (గాలపు కర్రను) రాయి మీద ఆనించక తప్పదు. ఆనించిన ప్రతిసారీ, దానికి బిగించిన దారం చుట్టే రీలుకు ఎక్కడో ఒకచోట గీత పడుతూనే ఉంటుంది. ఈ మధ్యనే కొన్న నా స్పిన్నింగ్ రీలుకు అడుగు భాగంలో రంగు లేచిపోయి లోపలి లోహం మెరుస్తూ కనిపిస్తోంది. వెంటనే గోళ్ల రంగు పూయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు. పనిముట్టు అన్నాక గీతలు పడతాయని, ముట్టుకోవద్దని మరొకరు అన్నారు. పూత వల్ల నిజంగా రక్షణ ఉంటుందా, లేక లోపల జరిగే నష్టం కంటికి కనబడకుండా చేసుకోవడమేనా? కారణాలతో సహా చెప్పగలరని ఆశిస్తున్నాను.

కొరమీను గాలం:
ముట్టుకోవద్దన్న మిత్రుడిదే సరైన మాటని నా అభిప్రాయం. మేము చెరువుల్లో, పంట కాలువల్లో తూటికాడ మధ్య కప్ప లూరుతో కొరమీనుకు గాలం వేస్తాము. మా రీళ్లకు గీత పడని చోటు లేదు, అయినా అవి తిరుగుతూనే ఉన్నాయి. లూరు సంగతీ అంతే. కొరమీను కింది నుంచి పైకి చూసి కొడుతుంది. ఆకాశపు వెలుగులో దానికి కనిపించేది కప్ప ఆకారమూ కదలికే తప్ప, వీపు మీద మీరు మురిసిపోయి కొన్న చుక్కలు కావు. పళ్ల గాటు పడి లోపలికి నీరు చేరి, లూరు మునగడం మొదలైతే అప్పుడు మార్చాలి. అంతవరకు రంగు పోయిందని బాధపడడం మన సరదాకే గాని చేపకు పట్టదు.

మరమ్మతు బల్ల:
కొరమీను గాలం గారి మాట మంచినీటి వరకు నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ప్రశ్న అడిగినవారు నిలబడేది ఉప్పునీటి పక్కన. అక్కడ గీత ఎంత పొడవుందన్నది కాదు, దేని మీద పడిందన్నది చూడాలి.

రీలు శరీరం గ్రాఫైట్ కలిపిన ప్లాస్టిక్‌తో చేసినదైతే గీత కేవలం గీతే. దానికి తుప్పు పట్టదు కనుక ఆ సంగతి మరచిపోవచ్చు. అల్యూమినియమైతే, పైనున్న అనోడైజింగ్ పొర (విద్యుత్తు సాయంతో ఏర్పరచిన గట్టి రక్షణ పొర) చెదిరినా లోహం తనంతట తానే పలుచని ఆక్సైడు పొరను ఏర్పరచుకుంటుంది గాని, ఉప్పులోని క్లోరైడు ఆ పొరను అక్కడక్కడ ఛేదించి సన్నని గుంటలు చేస్తుంది. పక్కనే స్టెయిన్‌లెస్ స్టీలు మర ఉండి, మధ్యలో ఉప్పు తడి నిలిచి ఉంటే ఈ పని మరింత వేగంగా సాగుతుంది. ఇక మెగ్నీషియం శరీరంతో జాగ్రత్తగా ఉండాలి. తేలిక కోసం ఖరీదైన రీళ్లలో వాడే ఈ లోహానికి పూతే ప్రాణం. ఒక్క పెచ్చు లేచినా ఉప్పు అక్కడి నుంచి పక్కనున్న రంగు కిందికి పాకుతుంది. కొన్నాళ్లకు రంగు బుడగలుగా ఉబ్బుతుంది, గీకితే తెల్లటి పొడి రాలుతుంది.

కాబట్టి లోహం బయటపడితే పూయడమే మంచిది, కానీ పూసే పద్ధతి ఉంది. రీలును మంచినీటితో మృదువుగా కడగండి. గొట్టంతో గట్టిగా కొట్టవద్దు, ఉప్పు లోపలికే పోతుంది. కడిగే ముందు డ్రాగ్ (చేప లాగినప్పుడు దారాన్ని అదుపుగా వదిలే బిగింపు) బిగించి, ఆరబెట్టేటప్పుడు వదులు చేయాలి. పూర్తిగా ఆరాక గీతను స్పిరిట్‌తో తుడిచి, తెల్లపొడి ఉంటే దాన్ని ముందుగా తీసివేసి, అగ్గిపుల్ల కొనతో రంగులేని గోళ్ల రంగును పలుచగా, ఒకటి ఆరిన తరువాత మరొకటిగా రెండు మూడు పూతలు వేయండి. ఉప్పు ఉండగా పూస్తే మీరు భయపడిన నష్టాన్నే లోపల పెట్టి మూత వేసినట్లవుతుంది. గోళ్ల రంగు తుడిచే అసిటోన్‌ను మాత్రం రీలు దగ్గరికి గాని రాడ్డు దగ్గరికి గాని తీసుకురావద్దు. అది రంగునూ ప్లాస్టిక్‌నూ కూడా కరిగించగలదు.

రీలు శరీరం కన్నా నాకు ఎక్కువ దిగులు కలిగించేవి వేరే ఉన్నాయి. స్పూలు (రీలులో దారం చుట్టుకునే భాగం) అంచున చిన్న గంటు పడితే గాలం విసిరిన ప్రతిసారీ దారం దానికి రాసుకుంటుంది. 1000, ఆపైన 2000 నంబరు నీటి కాగితంతో (తడిపి వాడే సన్నని గరుకు కాగితంతో) నునుపు చేయాలి. రాడ్డు వెంట దారం సాగే గైడుల్లోని పింగాణీ వలయాల్లో దూది పుల్లను తిప్పి చూడండి. ఒక్క పోగు తగులుకున్నా అక్కడ పగులు ఉన్నట్లే, అది బ్రెయిడ్ దారాన్ని (సన్నని పోగులతో అల్లిన దారాన్ని) కోసేస్తుంది. కార్బన్ రాడ్డు మీది గీతపై గోరు నడపండి. జారిపోతే అది పై మెరుపు పూతకే పరిమితమైనదని అనుకోవచ్చు. గోరు దిగబడితే పోగులు తెగి ఉండవచ్చు, పెద్ద చేప లాగినప్పుడు రాడ్డు అక్కడే విరిగే ప్రమాదం ఉంది. వ్యాన్‌లో వెళ్తున్నంతసేపు సీసపు గుండు వేలాడుతూ రాడ్డును కొట్టిన దెబ్బకైతే పైన గీత కూడా కనబడకపోవచ్చు.

కాకినాడ ఒడ్డు:
ఫైబర్ పడవల విషయంలో మా వైపు పాటించేదీ ఇదే. ఇసుక మీద ఈడ్చి ఈడ్చి అడుగున పై పూత అరిగితే ఎవరూ అందం గురించి అడగరు. పోగులు బయటపడి నీరు పీల్చకుండా రెజిన్ పూస్తారు. పక్కల మీద గీతలను మాత్రం ఎవరూ పట్టించుకోరు.

రుషికొండ రాళ్లు:
నా రీలు మెగ్నీషియందేనని తయారీదారు వివరాల్లో చూశాను, ఈ వారమే పూస్తాను. ఇకపై గీతలు పడకుండా మెత్తటి రబ్బరు సంచి కూడా కొందామనుకుంటున్నాను.

మరమ్మతు బల్ల:
ప్రయాణంలో వాడుకోండి. తడిసిన రీలును మాత్రం అందులో పెట్టి ఇంటికి తేవద్దు. గీతకు భయపడి కొన్న సంచే ఉప్పు తడిని పట్టి ఉంచుతుంది.

పాత రీళ్ల బేరం:
ఇంతవరకు ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. నేను వాడిన రీళ్లు కొంటాను, అమ్ముతాను. పూత వేసిన రీలు అంటే నాకు అనుమానమే. గీత కనిపిస్తే ధర తగ్గించి కొనగలను. దాని మీద రంగు ఉంటే కింద ఏముందో తెలియదు. అందుకే అమ్మే ఉద్దేశం ఉన్నవారు పూయకపోవడమే నయమంటాను.

కొరమీను గాలం:
అంటే కొనబోయేవారి సౌకర్యం కోసం సొంతదారు తన రీలును పాడుకానివ్వాలా? ఇది నాకు విడ్డూరంగా ఉంది. మెగ్నీషియం విషయంలో మరమ్మతు బల్ల గారి మాటకే నా ఓటు.

మరమ్మతు బల్ల:
రంగు కలిపి గీతను మాయం చేయడానికీ, రంగులేని పూతతో గీత కనబడేలాగే కాపాడడానికీ చాలా తేడా ఉంది. నేను చెప్పింది రెండోదే. పూయక ముందు ఒక ఫొటో తీసి ఉంచుకుంటే, అమ్మేటప్పుడు అదే చూపవచ్చు.

పాత రీళ్ల బేరం:
ఫొటో ఉంటే నాకు అభ్యంతరం లేదు. అయితే బెయిల్ ఆర్మ్ (దారాన్ని స్పూలు మీదికి చుట్టే వంపు తీగ) చివర దారం తిరిగే రోలర్ దగ్గర మాత్రం ఏ పూతా వద్దు. అక్కడ గాడి పడితే దాన్ని మార్చడమే, ఆ భాగం విడిగా దొరుకుతుంది.