పైన ఫ్రీజర్ బాగానే ఉంది, కింద పాలు విరిగిపోతున్నాయి. గ్యాస్ పోయిందంటే నమ్మాలా?

పెదవాల్తేరు వదిన:

అందరికీ నమస్కారం. మాది డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్, కొని ఆరేళ్ళు దాటింది. ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన వంజరం ముక్కలు, రొయ్యలు పైన ఫ్రీజర్లో కత్తి దిగనంత గట్టిగా ఉన్నాయి. కింద అరలో మాత్రం రాత్రి పెట్టిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి గిన్నె దాటి పొంగి కూరగాయల డబ్బాలోకి కారింది. పొద్దున కాచిన పాలు సాయంత్రానికి విరిగిపోతున్నాయి.

ఒక మెకానిక్ వచ్చారు. వెనక కంప్రెసర్ మీద చెయ్యి పెట్టి చూసి, "గ్యాస్ అయిపోయిందమ్మా, నింపాలి, మూడున్నర వేలవుతుంది" అన్నారు. ఫ్రీజర్ తలుపు తీసి చూడనైనా లేదు.

ఇంకో రెండు సంగతులు. ఆ మధ్య మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పోయి రోజంతా కరెంటు లేదు. కరెంటు వచ్చాక వారం పాటు ఫ్రిజ్ చక్కగా పనిచేసింది, తర్వాత మళ్ళీ మామూలే. పైగా లోపల్నుంచి గర్రుమని చప్పుడు వస్తోంది, పై తలుపు తీస్తే ఆగిపోతుంది. మా ఆయన కొత్తది కొనేద్దామంటున్నారు. మా అత్తగారేమో ముందు ఆ చేపలు వండెయ్యమంటున్నారు. ఏం చెయ్యమంటారు?

కంచరపాలెం మెకానిక్:

అమ్మా, ఆ మూడున్నర వేలు ఇప్పుడే తియ్యకండి. గ్యాస్ తగ్గితే ఫ్రీజర్ కూడా మెత్తబడుతుంది, ఐస్‌క్రీమ్ కారుతుంది. మీకు పైన చేప గట్టిగా ఉందంటే చల్లదనం తయారవుతోంది, కిందికి దిగడం లేదు. కంప్రెసర్ మీద చెయ్యి పెట్టి గ్యాస్ సంగతి చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మీ ఫ్రిజ్‌లో చల్లబరిచే కాయిల్ ఒక్కటే ఉంటుంది, ఫ్రీజర్ వెనక ప్లాస్టిక్ ప్యానెల్ చాటున. దాని దగ్గరున్న చిన్న ఫ్యాన్ ఆ చలిగాలిని పైకీ కిందికీ తోస్తుంది. తలుపు తీసిన ప్రతిసారీ లోపలికొచ్చే తేమ కాయిల్ మీద మంచుగా పేరుకుంటుంది. మన ఊరి ఉక్కపోత గాలికి అది ఇంకా ఎక్కువ. రోజుకు రెండు మూడు సార్లు కాయిల్ కిందున్న హీటర్ కాసేపు వెలిగి ఆ మంచును కరిగిస్తుంది. ఆ నీళ్ళు డ్రెయిన్ గొట్టంలోంచి కంప్రెసర్ పైనున్న ట్రేలోకి పోయి ఆవిరైపోతాయి. ఈ డీఫ్రాస్ట్ పని ఆగిపోతే కాయిల్ మొత్తం మంచుతో మూసుకుపోతుంది, గాలి కదలదు, కింద అర వేడెక్కుతుంది. ఫ్యాన్ రెక్క ఆ మంచుకు తగిలే మోతే మీరు వింటున్న గర్రు. తలుపు తీస్తే స్విచ్ ఫ్యాన్‌ని ఆపేస్తుంది కాబట్టి చప్పుడూ ఆగుతుంది. కరెంటు లేని రోజున ఆ మంచంతా కరిగిపోయింది, అందుకే వారం బాగా నడిచింది. నాకైతే ఆ ఒక్క మాటతోనే సగం తేలిపోయింది.

ఇప్పుడు ప్లగ్ తీసేసి ప్యానెల్ స్క్రూలు విప్పించి కాయిల్ చూడండి. మొత్తం తెల్లగా మంచు దుప్పటి కప్పి ఉంటే డీఫ్రాస్ట్ లోపమే. మొదటి ఒకటి రెండు గొట్టాల మీదే మంచుండి మిగతావి ఖాళీగా ఉంటే, అప్పుడు గ్యాస్ గురించి మాట్లాడొచ్చు.

మంచైతే రెండు తలుపులూ తీసిపెట్టి ఒక రోజు వదిలెయ్యండి, కింద పాత తువ్వాళ్ళు వెయ్యండి. కత్తి, స్క్రూడ్రైవర్ పెట్టి పొడవొద్దు. కాయిల్‌కి చిల్లు పడితే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది. డ్రెయిన్ రంధ్రంలో సిరంజితో గోరువెచ్చని నీళ్ళు పొయ్యండి, దిగాలి.

తర్వాత మల్టీమీటర్, అంటే వైరు తెగిందో లేదో కొలిచి చెప్పే మీటర్, ఉన్న మనిషి కావాలి. 150 వాట్ల హీటరైతే 350 ఓమ్‌ల దగ్గర చూపించాలి, ఏమీ చూపకపోతే తెగినట్టే. దాని పక్కన వేడి మితిమీరితే తెగిపోయే థర్మల్ ఫ్యూజ్ ఉంటుంది, ఒకసారి పోతే మార్చాల్సిందే. చలిని బట్టి హీటర్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్ ఉంటుంది, దాన్నే బైమెటల్ అంటాం, దాని దగ్గరే చాలామంది తప్పు తీర్పు ఇస్తారు. అది బాగా చల్లగా ఉన్నప్పుడే కలుస్తుంది. గది వేడిలో మీటర్ పెడితే మంచిది కూడా పాడైనట్టే కనబడుతుంది. ఉప్పు కలిపిన ఐస్ ముక్కల్లో కాసేపు ఉంచి చూడమనండి, ఉత్త ఐసు చలి చాలకపోవచ్చు. ఇవన్నీ బాగుంటే డీఫ్రాస్ట్‌ని వేళకు నడిపే టైమరో బోర్డో పోయినట్టు.

సీతమ్మధార బాబాయ్:

మెకానిక్‌గారు చెప్పింది సబబుగా ఉంది. తలుపు రబ్బరు కూడా చూసుకో తల్లీ. పది రూపాయల నోటు మధ్యలో పెట్టి తలుపు వేసి లాగు. సులువుగా జారిపోతే అక్కడ గాలి దూరుతున్నట్టే. సబ్బునీళ్ళతో తుడిస్తే జిడ్డు పోయి మళ్ళీ పట్టొచ్చు.

చేపల సంగతి: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక వీధి మొత్తం వండుకు తినేశాం. తలుపు తియ్యకపోతే నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజుల దాకా ఆగుతుంది, సగమే ఉంటే ఒక రోజు. నువ్వు తలుపు తియ్యాలి కాబట్టి థర్మోకోల్ పెట్టెలో ఐసు పోసి సర్దెయ్. మీ అత్తగారి మాటా తీసిపారేసేది కాదు.

గాజువాక కుర్రాడు:

అన్నా, మాది సింగిల్ డోర్. ఫ్రీజర్ నిండా ఐసే, ట్రే రావట్లేదు. కంప్రెసర్ కూడా ఉండుండి టక్కుమని ఆగుతోంది.

కంచరపాలెం మెకానిక్:

తమ్ముడూ, ఐసుకి థర్మోస్టాట్ నాబ్ మధ్యలో ఉన్న డీఫ్రాస్ట్ బటన్ నొక్కు, కరిగేదాకా ట్రే లాగకు. తర్వాత తలుపు రబ్బరు చూసుకో. కంప్రెసర్ కాసేపు హుమ్మని టక్కున ఆగుతుంటే ముందు ఇంట్లో ఓల్టేజి చూడు. అది సరిగ్గా ఉంటే కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే రిలే, అది మరీ వేడెక్కితే ఆపేసే ఓవర్‌లోడ్ మార్పించు. కంప్రెసర్ పోయిందని ఎవరన్నా అంటే ఈ రెండూ మార్చాకే నమ్ము.

పెదవాల్తేరు వదిన:

ప్యానెల్ విప్పించాం, కాయిల్ అంతా మంచే! వేరే ఎలక్ట్రీషియన్ మీటర్ పెట్టి హీటర్ బాగుంది, ఉప్పు ఐసులో పెట్టినా బైమెటల్ కలవడం లేదన్నారు. కొత్త బైమెటల్ కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

కంచరపాలెం మెకానిక్:

ఫ్రిజ్ లోపల గోడ మీద మోడల్ నంబర్ స్టిక్కర్ ఉంటుంది, ఫోటో తీసుకోండి. పాత బైమెటల్ కూడా వెంట పట్టుకెళ్ళండి, దాని మీద అంకెలుంటాయి, అవీ వైరు కనెక్టరూ కలవాలి. ఫ్యూజుతో కలిపి వచ్చే సెట్ దొరికితే అదే తీసుకోండి. మీ స్టిక్కర్ మీద ఆర్600ఏ అని ఉంటే అది మండే గ్యాస్. గొట్టాల జోలికి వెళ్ళొద్దని మీ ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పండి.