సమను బత్తా, పాలేరు బత్తెం ఒకటేనా?

కోనసీమ రైతు: మా గట్టు తగాదా దావాలో ప్లీడరు గారి గుమాస్తా "సమనుకి (కోర్టు పంపే పిలుపు కాగితానికి) బత్తా కట్టారా అండీ?" అన్నారు. అప్పట్నుంచి "జీతం బత్తెం లేకుండా తోడేలు..." సామెత బుర్రలో తిరుగుతోంది. కాస్తానన్నది గొర్రెల్నా, మేకల్నా? ఆ బత్తెమూ ఈ బత్తా ఒకటేనా?

తణుకు మాస్టారు: మా వైపు మేకలేనండి. మాట మాత్రం ఒకటే. సంస్కృతంలో భక్తం అంటే అన్నం. భక్తి బత్తి అయినట్టే ఇదీ బత్తెం అయింది. పాలేరుకి ఏడాది జీతం వేరు, పూట గడవడానికి కొలిచే బత్తెం వేరు.

భీమవరం పద్యాభిమాని: భృతి నుంచి ఎందుకు రాకూడదు మాస్టారూ? అర్థం అతికినట్టు సరిపోతుంది.

తణుకు మాస్టారు: అర్థం సరే, 'త్త' ఎక్కణ్ణుంచి వస్తుంది? భృత నుంచి వచ్చింది భట, మన భటుడు. ఒత్తు రావాలంటే 'క్త' ఉండాలి.

నరసాపురం ప్లీడరు: మాస్టారి మాటకి నా దగ్గర సాక్ష్యం ఉంది. డిక్రీ, అంటే కోర్టు తీర్పు పత్రం, చివర ఖర్చుల పట్టిక చూడండి: దావా స్టాంపు, వకాల్తా స్టాంపు, ప్లీడరు ఫీజు, సాక్షుల బత్తా, కమిషనరు ఫీజు, సమన్ల జారీ. సాక్షి బత్తా అంటే అతని దారి ఖర్చు, తిండి ఖర్చు. సమను పంపకముందే కోర్టులో కడితే అతని చేతికే వెళ్తుంది. అసలైన బత్తెం అదే. సమన్ల జారీకి కట్టేది ప్రాసెస్ ఫీజు, అది ప్రభుత్వానికి. వాడుకలో దాన్నీ బత్తా అనేస్తాం. రైతు గారూ, ముందు అది కట్టేయండి. కట్టక సమను అందకపోతే దావా కొట్టేయొచ్చు.

కోనసీమ రైతు: గెలిస్తే ఇవన్నీ తిరిగొస్తాయా అండీ?

నరసాపురం ప్లీడరు: "ఖర్చులతో" అని డిక్రీలో ఉంటే ఓడినవాళ్ల నుంచి రాబట్టుకోవచ్చు. ఆ మాట రాయడం జడ్జి గారి విచక్షణ. లోక్ అదాలత్‌లో రాజీ పడితే దావాకి కట్టిన కోర్టు ఫీజు వెనక్కి ఇస్తారు. గట్టు తగాదాకి నేనైతే అదే చెబుతాను.

భీమవరం పద్యాభిమాని: బత్తెం బ్రౌన్ నిఘంటువులోనూ ఉంది. మచిలీపట్నం, రాజమండ్రి కోర్టుల్లో పనిచేసిన మనిషి, ఈ మాట రోజూ విని ఉంటాడు. వేమన పద్యాల్ని 1829లోనే అచ్చు వేయించాడు. ఆ ఒక్క పనికే నేనాయనకి రుణపడి ఉంటాను.

తణుకు మాస్టారు: కట్టాల్సిన డబ్బు మాటొస్తే శ్రీనాథుణ్ణి మరవకండి. బొడ్డుపల్లె గుత్తకి, అంటే కౌలుకి, ఏడునూరు టంకాలు (నాణేలు) ఎలా కట్టాలని ఒక చాటువులో కుమిలిపోయాడు. మన రాజమహేంద్రవరం రెడ్ల కొలువులో వెలిగిన కవికి ఎంత కష్టం!

భీమవరం పద్యాభిమాని: ఆ చాటువు, జనం నోట నిలిచిన ఆ విడి పద్యం, ఆయనదేనంటారా?

కాకినాడ నుంచి ఒకరు: అదలా ఉంచండి. మా ఇంట్లో గొర్రెలే.