చర్చ: డిగ్రీలోనే ఖగోళశాస్త్రమా, ముందు ఫిజిక్సా?

ఎంపీసీ కుర్రాడు:
ఇంటర్ అయిపోయింది, దోస్త్‌లో (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్లు) ఆప్షన్లు పెట్టుకోవాలి. నాకు ఖగోళశాస్త్రమే ఇష్టం. ఆ పేరున్న డిగ్రీ కోసం ఎంత దూరమైనా వెళ్లాలా, దగ్గర్లో ఫిజిక్స్ తీసుకుని పీజీలో మారాలా? నాన్నయితే సీఎస్‌ఈ అంటున్నారు.

పాత ల్యాబ్:
ఫిజిక్సే, రెండో మాట లేదు. బెంగళూరులోని ఖగోళ పరిశోధన సంస్థ ఐఐఏలో పీహెచ్‌డీకి రాసే జెస్ట్ పరీక్షలో రాశుల పేర్లు అడగరు, క్వాంటమ్, థర్మో అడుగుతారు. తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీ అయిదేళ్ల కోర్సు కూడా ఇంజినీరింగ్ ఫిజిక్స్‌తోనే మొదలు, ఖగోళం చివర్లో. (దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి, అది వేరే తలనొప్పి.) మన ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు సంగతే చూడు. వాళ్ల నాన్న హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. అయినా ఆయన ఎమ్మెస్సీ చేసింది ఫిజిక్స్‌లో. 1949లో హార్వర్డ్‌ వెళ్లాక తోకచుక్కను కనిపెట్టారు.

చుక్కల అక్క:
బప్పుగారికి టెలిస్కోపు ఇంట్లో ఉన్నట్టే కదా అన్నా! ఈ తమ్ముడికి ఎవరున్నారు? నేనూ ఫిజిక్స్ డిగ్రీయే. మూడేళ్లలో ఒక్క రాత్రి కూడా ఎవరూ పైకి చూడమనలేదు. సీనియర్ల రికార్డులోంచి రీడింగులు దింపుకోవడం, సంతకం పెట్టించుకోవడం, అంతే. ఆకాశం మీద పిచ్చితో నాతోపాటు చేరినవాడు సెకండియర్‌లోనే బ్యాంకు కోచింగ్‌కు వెళ్లిపోయాడు.

పాత ల్యాబ్:
పిచ్చి సిలబస్‌లో దొరకదమ్మా. నేను డాబా మీద చాప వేసుకుని ఆల్గాల్ అనే నక్షత్రాన్ని చూసేవాణ్ణి. 2 రోజుల 21 గంటలకు కాస్త ముందుగా ఒకసారి మసకబారుతుంది, 2.1 మాగ్నిట్యూడ్ నుంచి 3.4కి (ఈ వెలుగు కొలతలో అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు). పక్క చుక్కలతో పోల్చి పావుగంటకో అంకె నోట్‌బుక్‌లో రాసుకునేవాణ్ణి. తొలి గ్రాఫ్ గతుకుల రోడ్డే. మూడోసారికి గుంట స్పష్టంగా కనిపించింది. నా అంకెల్లో తప్పెంతో లెక్కకట్టడం మాత్రం కాలేజీలో పెండ్యులం ప్రయోగమే నేర్పింది.

చుక్కల అక్క:
ఆ రీడింగులు నువ్వే తీశావు కాబట్టి నేర్పింది. సరే తమ్ముడూ, ఫిజిక్సే తీసుకో. కానీ ఆప్షన్ పెట్టేముందు ఆ కాలేజీ ల్యాబ్ చూసి రా. పరికరాల మీద దుమ్ముంటే ఆ కాలేజీని లిస్టులోంచి కొట్టేయ్. మ్యాథ్స్ వదలకు, పైథాన్ నేర్చుకో. గయా ఉపగ్రహం కొలిచిన నక్షత్రాల డేటా ఉచితంగానే దొరుకుతుంది.

ఎంపీసీ కుర్రాడు:
నాన్నకు ఇదంతా చదివి వినిపించాను. పైథాన్ దగ్గర ఆపి, "అది సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికీ పనికొస్తుందా?" అన్నారు. ఔనన్నాను. రేపు ల్యాబ్ చూడ్డానికి ఆయనా వస్తారట.